తోడొచ్చినోడే పేషెంటు

ప్రెషర్ గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు స్టీల్ ప్లాంటు బాయిలర్ హౌస్‌లో గేజుల ముందు కూర్చున్నవాణ్ణి. నేను డ్యూటీకొస్తున్నానని తెలిస్తే చాలు, నేనింకా గేటు దగ్గర ఉండగానే గేజులో ముల్లు దానంతటదే దిగి బుద్ధిగా కూర్చునేది. అందుకే నన్ను గేజు ఎల్లారావు అంటారు. నమ్మకం లేకపోతే మా కంచరపాలెం వచ్చి అడగండి. అడిగేముందు మా ఆవిడ కాంతం ఇంట్లో లేకుండా చూసుకోండి.

అలాంటి నాకు బీపీ వచ్చింది.

ఆరు నెలల కిందటి మాట. డాక్టర్ మధులత అని చిన్నపిల్ల, మా మనవరాలి వయసుంటుంది. నా చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, "పైది నూట డెబ్బై, కిందది నూట రెండు" అంది.

"పైదేటి, కిందదేటి డాక్టరమ్మా?" అన్నాను.

ఆ పిల్ల నోరు తెరిచేలోపే కాంతం అందుకుంది. "మనింట్లో పైది నాను, కిందది నువ్వు. ఇద్దరం ఎక్కువే ఉన్నామంటన్నాది."

ఆ రోజు నుంచి పొద్దున్నే ఒక తెల్ల బిళ్ళ. పెసర గింజంత ఉంటుంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసేవాణ్ణి. ఇంత బిళ్ళ కడుపులో పడ్డాక రక్తం వైపు దారి దానికెవరు చెబుతారు? మోకాలి వైపు పోకుండా ఎవరాపుతారు? ఇదే కాంతాన్ని అడిగితే, "నీకెలాగూ పన్నేదు. దాని ఎనకాలే లోపలికెల్లి సూసి రా" అంది.

బిళ్ళతో నాకు పేచీ లేదు. పేచీ దొరబాబుతో వచ్చింది.

ప్రతి ఆషాఢ పౌర్ణమికీ మా రిటైరైన బాయిలర్ బ్యాచ్ అంతా సింహాచలం కొండ చుట్టూ గిరి ప్రదక్షిణ చేస్తాం. ముప్పై రెండు కిలోమీటర్లు. ఇరవై రెండేళ్ళుగా ఒక్క ఏడాది మానలేదు. ఒక ఏడాదైతే నేను మరీ జోరు మీద నడిచేసరికి, కొండ తను తిరుగుతోందో నేను తిరుగుతున్నానో తెలియక కంగారుపడింది. ఆ నడకకి లీడరు దొరబాబు. ఈ ఏడు లిస్టు రాస్తూ, "ఎల్లారావ్, బిళ్ళలు మింగే బ్యాచ్ ఆటోలో. నీ పేరు ఆటోలో రాసేనా?" అన్నాడు.

ఆటోలో ప్రదక్షిణా! కొండ మీది అప్పన్న స్వామి నన్ను చూసి ఏమనుకుంటాడు? 'ఈ చుట్టు నీదా, డ్రైవర్‌దా?' అని అడగడూ?

సరిగ్గా ఆ నెల చెకప్‌లోనే నా గేజు నూట ఇరవై నాలుగు, ఎనభై చూపించింది. నాకు వెలిగింది. బాయిలర్ హౌస్‌లో ప్రెషర్ నార్మల్‌కొస్తే ఏం చేస్తాం? వాల్వు కట్టేస్తాం. వచ్చేసింది కాబట్టి నేనూ కట్టేశాను. పొద్దున్నే బిళ్ళ నాలిక కింద పెట్టుకోవడం, నీళ్ళు తాగినట్టు గుటక వేయడం, పెరట్లో పళ్ళు తోముకునే వంకతో కరివేపాకు కుండీలో ఊసేయడం. ఎనిమిది రోజులు ఎవరికీ అనుమానం రాలేదు. నాకే వచ్చింది. మానేయొచ్చని డాక్టరమ్మ నోటితో ఒక్కమాట వింటే బాగుండు అనిపించింది.

అడగాలంటే కాంతం వెంట వస్తుంది. డాక్టరమ్మ కాంతం ముందు ఏమంటే అది మా ఇంట్లో జీవో అయి కూర్చుంటుంది. కాబట్టి అడిగేది నేను కాకూడదు.

యారాడ ఒడ్డున చేపలు పట్టుకునే మా బావ అబ్బులు దగ్గరికి వెళ్ళాను. కాంతానికి స్వయానా అన్న. డెబ్బై రెండేళ్ళు, జీవితంలో డాక్టరు గడప తొక్కలేదు. ఒకసారి సొర చేప మా బావని కరిస్తే సొరకి మూడ్రోజులు జ్వరమొచ్చిందని ఆ ఒడ్డున అందరూ చెప్పుకుంటారు. మొదట చెప్పింది నేనే అనుకోండి.

"నాకేటి రోగం నేదు కదా బావ. నానెందుకు?" అన్నాడు.

"నేదు కాబట్టే నువ్వు. రోగమున్నోడు అడిగితే భయపడి అడుగుతన్నాడనుకుంటాది. నువ్వు పేషెంటు, నాను తోడు. కాగితం మీద పది ప్రశ్నలు రాసిత్తాను. సదివెయ్యడమే."

"మా కాంతానికి తెలిస్తేనో?"

"ఎలా తెలుత్తాది? సెప్తే నువ్వు సెప్పాల, నేపోతే నాను సెప్పాల."

మర్నాడు పదింటికి క్లినిక్‌లో కూర్చున్నాం. డాక్టరమ్మ నన్ను చూసి కొంచెం ఎక్కువగానే నవ్వింది. మర్యాద అనుకున్నాను.

"పేషెంటు ఎవరు తాతగారూ?"

"ఈయనేనండి. మా బావ. ఆరు నెలలై మాత్రలేసుకుంటన్నాడు. నాను ఉత్త తోడు."

బావ చేతికి పట్టీ చుట్టింది. గాలి కొట్టింది. ఆగింది. రెండో చేతికి చుట్టింది. అయిదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోమంది. మళ్ళీ కొట్టింది. అప్పటికి ఆ పిల్ల ముఖంలో నవ్వు లేదు.

"నూట ఎనభై ఆరు, నూట పన్నెండు."

బావ మెల్లగా నా వైపు తిరిగాడు. "బావ... నాకు ఉత్తుత్తినే కదా?"

ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు ఊరుకుంటుందా? "డాక్టరమ్మా, ఈ గేజు క్యాలిబ్రేషన్ చేయించి ఎన్నాళ్ళైందండీ?" అన్నాను.

"పోయిన వారమే తాతగారూ." ఇక బావ వైపు తిరిగి, "తల తిరగడం, ఛాతీలో నొప్పి, చూపు మసకబారడం, చెయ్యో కాలో తిమ్మిరెక్కడం, ఏమైనా ఉన్నాయా?" అని ఒక్కొక్కటే అడిగింది.

"ఏటీ నేదమ్మా. నాను బాగానే ఉన్నాను."

"అదే దీంతో చిక్కు. బాగానే ఉన్నట్టు ఉంటుంది. సరే, ఏవో ప్రశ్నలు తెచ్చారట కదా, అడగండి."

ప్రశ్నలు తెచ్చామని ఈ పిల్లకెలా తెలుసు? నేను ఆలోచించేలోపే బావ కాగితం విప్పాడు.

"ఒకటి. ఈ బిళ్ళ అలవాటైపోద్దా? సుట్టలాగ?"

"కాదు. చుట్ట మానేస్తే మీకు మంచిది. ఇది మానేస్తే మీకు చెడ్డది. తేడా తెలిసిందా?"

బావ తలూపాడు గానీ, పై జేబులో ఉన్న చుట్టని చెయ్యి అడ్డం పెట్టి దాచాడు.

"రెండు. ఒక రోజు మర్సిపోతే మర్నాడు రెండేసుకోవచ్చునా?"

"వద్దు. అదే రోజు గుర్తొస్తే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే మర్నాటిది ఒక్కటే. రెండు కలిపి వేసుకుంటే ప్రెషర్ ఒక్కసారిగా పడిపోయి మీరూ పడిపోవచ్చు."

"మూడు. కొండ సుట్టూ నడిసినాక మోకాళ్ళ నొప్పికి షాపులో బిళ్ళ కొనీసి..."

"నొప్పి బిళ్ళల్లో కొన్ని బీపీని పెంచుతాయి. నన్ను అడక్కుండా కొనొద్దు. పక్కింటివాళ్ళ బీపీ బిళ్ళ కూడా అరువు తెచ్చుకోవద్దు, అది వాళ్ళ ఒంటికి రాసింది."

"నాలుగు. ఎండు సేప..." బావ కాగితం మడిచేశాడు. ఇక్కడ నా ప్రశ్న ఆయనకి నచ్చలేదు. సొంతది వేశాడు. "అమ్మా, ఉప్పు తింటే బీపీ వొస్తాదంటారు. సేప పుట్టింది ఉప్పునీళ్ళల్లో, పెరిగింది ఉప్పునీళ్ళల్లో. మరి దానికెందుకు రాదు?"

డాక్టరమ్మ రెండు క్షణాలు ఆలోచించింది. "ఇప్పటిదాకా ఏ చేపా వచ్చి చూపించుకోలేదు తాతగారూ. వస్తే చూసి చెప్తాను. మీకు మాత్రం ఎండు చేప, ఊరగాయ, అప్పడం తగ్గించాలి."

బావ ముఖం, వల ఖాళీగా వచ్చినప్పుడు ఎలా ఉంటుందో అలా అయింది.

నాకు ఓపిక పోయింది. నాక్కావలసింది పదోది, ఈయన నాలుగో దగ్గరే లంగరేశాడు. నేనే అందుకున్నాను. "డాక్టరమ్మా, మా బావకొక సందేహమండి. గేజు... అదే, బీపీ నార్మల్‌కొచ్చీసింది. ఇంక బిళ్ళెందుకు? ప్రెషర్ దిగిపోతే మేం వాల్వు కట్టీసీవోళ్ళం."

"దీనికి నాకంటే బాగా జవాబు చెప్పేవాళ్ళున్నారు," అంది డాక్టరమ్మ. "అమ్మా, రండి."

ఇంజెక్షన్ బల్ల దగ్గర తెర కదిలింది. తెర వెనకనుంచి కాంతం వచ్చింది.

నా ప్రెషర్ ఆ క్షణాన ఎంతుందో కొలిచే గేజు విశాఖపట్నంలో లేదు.

కాంతం గుప్పిట తెరిచింది. మట్టి అంటుకున్న బిళ్ళలు అయిదు. "కరేపాకు మొక్కకి బీపీ ఉన్నాదని నాకు సెప్పనేదేటయ్యా? నిన్న మన్ను తిరగేత్తే బయటపడ్డాయి. నువ్వు పెరట్లో పళ్ళు తోమడం మొదలెట్టి ఎనిమిది రోజులు, దొరికినవి అయిదే. మూడు మొక్క తాగీసింది."

"అది కాదే కాంతం..."

"ఏది కాదు? సరే, నీ గేజు మాటే సెప్పు. ముప్పై ఒక్క ఏళ్ళు డ్యూటీ సేసినావు కదా. షిఫ్టు అయిపోయినా, నీ తరవాత కూకోవలసిన రిలీవరు రాకపోతే ఏటి సేసీవోడివి?"

"ఏటి సేత్తాం? కదలకూడదు. రిలీవరు వొచ్చి సీట్లో కూకున్నాకే లెగాల. అది రూలు."

"గేజు సరిగ్గానే ఉన్నాది కదా? ఇంటికొచ్చీవచ్చు కదా?"

"ఓసి పిచ్చిదానా! నాను కూకోబట్టే కదేటి గేజు సరిగ్గా..."

అక్కడ ఆగిపోయాను.

"ఆఁ, సెప్పు, సెప్పు," అంది కాంతం. "నువ్వు కూకోబట్టి గేజు సరిగ్గా ఉండీది. మరి ఆ బిళ్ళ కూకోబట్టి కాదేటి నీ గేజు సరిగ్గా ఉన్నాది? రిలీవరు నేకుండా దాన్నెందుకు లేపీసినావు?"

డాక్టరమ్మ రాసుకుంటున్న పెన్ను ఆపింది. "అమ్మా, ఈ ముక్క నేను మిగతా పేషెంట్లకి కూడా చెప్పుకోవచ్చా?" అని అడిగింది. అని నా వైపు తిరిగింది. "తాతగారూ, బిళ్ళ మీ ఒంట్లో ఒక రోజు డ్యూటీ చేస్తుంది. మర్నాటి బిళ్ళే దాని రిలీవరు. కొన్నాళ్ళకి మోతాదు తగ్గించొచ్చేమో, అది రీడింగులు చూసి నేను చెప్పాలి. మీరూ మీ కరివేపాకూ కాదు."

"ఐతే మేం వత్తామని నీకెలా తెలిసింది?" అన్నాను కాంతంతో, గొంతు తగ్గించి.

"నీ సొక్కా జేబులో కాయితం. పది ప్రశ్నల పైన 'రేపు పదింటికి మా బావ అడగాల్సినవి' అని రాసుకున్నావు. నిన్న సాయంత్రమే వొచ్చి డాక్టరమ్మకి సెప్పాను. రేపు ఇద్దరు ముసలోళ్ళొత్తారు, తోడొచ్చినోడే పేషెంటు, కానీ ముందు పేషెంటునని సెప్పినోడి సెయ్యికి పట్టీ సుట్టండమ్మా అని."

నేను బావ వైపు చూశాను. బావ నేల వైపు చూస్తున్నాడు.

కాంతం ఆయన పక్కన కూర్చుంది. ఇప్పుడు ఆ గొంతులో వెటకారం లేదు. "అన్నా, మన అయ్య కూడా ఇలాగే 'నాకేటి' అనీవోడు. తెప్ప మీంచి దిగుతూ పడిపోనాడు. నోరు వంకరపోయి నాలుగేళ్ళు మంచంలో ఉన్నాడు. తొమ్మిదేళ్ళై ఒక్కసారి సూపించుకో అని నీ కాళ్ళు పట్టుకుంటన్నాను. నా మాట మీద రానేదు. ఈ పెద్దమనిషి అబద్ధం మీద వొచ్చినావు. పోనీ, వొచ్చినావు."

బావ పై జేబులోంచి చుట్ట తీసి చెల్లెలి చేతిలో పెట్టాడు.

తర్వాత నా వంతు. నూట అరవై ఆరు, నూట నాలుగు. నేను క్యాలిబ్రేషన్ మాట ఎత్తలేదు.

"డాక్టరమ్మా," అన్నాను, "ఒక్క సందేహం. మళ్ళీ బిళ్ళ మొదలెడతాను. మరి బిళ్ళ మింగీవోడు గిరి ప్రదక్షిణకి నడిసి ఎల్లకూడదు కదా?"

"ఎవరన్నారు?"

"దొరబాబండి."

"ఆయన ఏ ఆసుపత్రి?"

"బాయిలర్ హౌసండి."

"నడవొచ్చు తాతగారూ. బీపీ అదుపులో ఉంటే, రోజూ కొంచెం కొంచెం అలవాటు చేసుకుంటే నడక మంచిదే. మీ ఆవిడ పోయిన నెలే అడిగారు. అప్పుడు మీ రీడింగు బాగుంది, సరే అన్నాను కూడా. మీకు చెప్పలేదా?"

కాంతం ముఖం పక్కకి తిప్పుకుంది. "పౌర్ణమి ముందు రోజు సెప్పి సంతోషపెడదామనుకున్నాను."

అంటే ఏమిటన్నమాట? నేను పది ప్రశ్నలు రాశాను, అసలుది రాయలేదు. ఆవిడ ఒక్కటే అడిగింది, అదే అసలుది. జవాబు మా ఇంట్లోనే నెల రోజులుగా ఉంది. నడవడానికని బిళ్ళ మానేసి, నడిచే వీలు నేనే పోగొట్టుకున్నాను.

"ఇప్పుడైతే కుదరదు," అంది డాక్టరమ్మ. "పౌర్ణమి ఇంకా ఇరవై ఆరు రోజులుంది. రోజూ బిళ్ళ వేసుకుని మూడు వారాల తర్వాత రండి. అప్పుడు చూద్దాం."

ఆ మూడు వారాలూ మా ఇంట్లో కొత్త రూలు. పొద్దున్న ఏడింటికి వీడియో కాల్. ఇక్కడ నేను బిళ్ళ మింగి నాలిక బయటపెట్టాలి, యారాడలో బావ చూడాలి. అక్కడ బావ పెడితే నేను చూడాలి. "నాలిక పైకెత్తు బావ. కింద ఏదో తెల్లగా ఉన్నాది." "అది నా పన్ను బావ." మా కరివేపాకు కూడా ఆ మూడు వారాల్లో కాస్త హుషారుగా కనబడింది.

బావకి ఈ ఏడు నడక వద్దంది డాక్టరమ్మ, బిళ్ళలు అప్పుడే మొదలెట్టాడు కదా. నాది నూట ముప్పై, ఎనభై రెండుకి దిగింది. ఒక షరతు మీద ఒప్పుకుంది. ఆయాసమొస్తే ఆగిపోవాలి. కాంతం ఇంకో షరతు కలిపింది. తనూ వస్తుంది, తనని దాటి ఒక్క అడుగు ముందుకి వేయకూడదు.

దొరబాబు బ్యాచ్ హనుమంతవాక దాటేసరికి మేమింకా అడివివరంలోనే ఉన్నాం. కాంతం దారిలో కనబడ్డ ప్రతి గుడికీ, గుడిలాంటి ప్రతి గోడకీ దండం పెట్టింది. అప్పూఘర్ దగ్గర ఆయాసపడి ఆగింది తనే. నేను కాదు. ఆ మాట నేను పైకి అనలేదు. అంటే ఎన్ని కిలోమీటర్లు కలుస్తాయో తెలియదు.

మాధవధార దగ్గర మజ్జిగ తాగుతుంటే, కాళ్ళు ఈడ్చుకుంటూ వస్తున్న నడివయసు ఆయన నా పక్కన కూలబడ్డాడు. "ఏటి తాతా, ఈ వయసులో ఇంత సులువుగా నడుస్తన్నావు? ఏటి నీ రహస్యం?"

నేను గొంతు సవరించుకున్నాను. బాయిలర్ ఆవిరి పీల్చిన ఊపిరితిత్తులని, చిన్నప్పుడు సొర పాలు తాగానని, నాలుగైదు మంచివి నాలిక మీదకి వచ్చాయి. కాంతం మజ్జిగ గ్లాసు మీంచి ఒక్క చూపు చూసింది.

"ఏటీ నేదు బాబూ," అన్నాను. "రోజూ పొద్దున్నే ఒక బీపీ బిళ్ళేసుకుంటాను. అంతే."

ఆయన నన్ను పైనుంచి కిందకి చూసి, పకపకా నవ్వి లేచాడు. "సెప్పడం ఇష్టం నేకపోతే నేదనీ తాతా. ఇంత పెద్ద కోతలెందుకు?" అని వెళ్ళిపోయాడు.

నా జన్మలో చెప్పిన ఒకే ఒక్క నిజం, దాన్నీ ఎవడూ నమ్మలేదు. కాంతం మాత్రం అక్కడ అందుకున్న నవ్వు గోపాలపట్నం దాకా ఆపలేదు.