ట్యాంకు పక్కన దొరికిన రాయి

ఆ రోజు భువన వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. కర్నూలు పక్కనున్న కల్లూరులో ఆరింటి బస్సెక్కాలి, పత్తికొండ దాటి పల్లె హైస్కూలు చేరాలి, ఏడో తరగతికి రాళ్లు, ఖనిజాల పాఠం చెప్పాలి, యాభైకి యాభై తెచ్చుకోవాలి. బీఈడీలో అదే ఆమె ఆఖరి పరీక్ష పాఠం. అది చూసి మార్కులు వేయడానికి కాలేజీ నుంచి శివశంకర్ సార్ వస్తున్నారు.

ఆ సార్‌కి సుద్దముక్క మీద ఉన్న నమ్మకం సొంత చుట్టాల మీద కూడా లేదు. "కరెంటు పోతే నీ పాఠం గూడా పోతాదేమ్మా?" అని ఆయన నిండు క్లాసులో అడిగి రెండు నెలలైంది. భువన మరిచిపోలేదు. వాళ్లింట్లో టీచరు కాబోతున్న మొదటి మనిషి తను. ఆ గర్వం ఆమెకు కొంచెం ఎక్కువే. అందుకే ప్రణాళికలో స్మార్ట్ ప్యానెల్, ఫోను, ఫోనుకు తగిలించే భూతద్దం అన్నీ చేర్చి, సార్ నోరు మూయించాలని బయల్దేరింది.

ముందురోజు సాయంత్రం ఆ ఊళ్లో తొలకరి పడింది. భువన చేరేసరికి బడి నీళ్ల ట్యాంకు పక్కన వానకు కడిగినట్టున్న చిన్న పలుగురాయి ఒకటి మెరుస్తోంది. భువన దాన్ని తీసుకుని, ఫోనుకు భూతద్దం తగిలించి ఫొటో తీసింది. తెరమీద అది పెళ్లి మంటపం దీపంలా ధగధగలాడింది. ప్రణాళికలో 'తల్లిదండ్రుల భాగస్వామ్యం' అనే గడి ఇంకా ఖాళీగా ఉందని గుర్తొచ్చి, ఆ ఫొటోను తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. "మన బడి ట్యాంకు పక్కన దొరికిన రాయి. ఇదేమిటో పదకొండు గంటలకు తెలుసుకుందాం" అని రాసింది.

తొలకరి పడిన మర్నాడు ఆ వైపు ఊళ్లలో రాయకూడని మాట ఏదైనా ఉంటే అది ఇదే. మొదటి వాన పడిందంటే అక్కడ జనం విత్తనాల మాట మరిచి, తల వంచుకుని చేలల్లో వజ్రాలు వెతుకుతారు. దొరికినవాడు వ్యాపారి వచ్చేదాకా పెదవి విప్పడు. ఈ సంగతి భువన విననిది కాదు, ఆ క్షణాన తట్టలేదంతే.

పది నిమిషాల్లో బొజ్జన్న గేటు దగ్గర నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుగా వజ్రాలు వెతుకుతున్న మనిషి. ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.

"ఏం రాయి మేడం అది?"

"ఇప్పుడే చెప్పను పెద్దాయనా. చెప్తే మజా పోతాది. పదకొండుకు మీరే చూద్దురు."

జవాబు ముందే చెప్పకూడదని బీఈడీలో నేర్పారు. బొజ్జన్న ఆమె వైపు గౌరవంగా చూశాడు. "అవును మేడం, చెప్పగూడదు" అని గబగబా ఊళ్లోకి నడిచాడు.

పదింటికల్లా ట్యాంకు చుట్టూ గడ్డపారలు, గంపలు, జల్లెళ్లు దిగాయి. హెడ్మాస్టరు వీరభద్ర బయటికొచ్చారు.

"ఏం జేస్తాండారప్పా?"

"గుంతలు తీస్తాండాం సార్."

బడిలో ఇంకుడు గుంతలు తవ్వించమని ఆయన రెండేళ్లుగా అర్జీలు రాస్తున్నారు. ఇన్నాళ్లకు దేవుడు కరుణించాడనుకుని, "ఇంగొంచెం లోతు తీయండి" అని చెప్పి లోపలికెళ్లారు.

పదిన్నర బస్సులో శివశంకర్ సార్ దిగారు. చేతిలో నల్ల సంచి, ముక్కు మీద కళ్లద్దాలు.

"భువన అనే అమ్మాయి యాడుండాది?"

"మీరెవరు సార్?" అన్నారు గుంతలు తవ్వేవాళ్లు.

"ఆయమ్మి చూపించేది చూసి, రాసుకొని పోయేదానికి వచ్చినా."

ఆయన వజ్రాల వ్యాపారేనన్న దాంట్లో ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు. కుర్చీ వచ్చింది, మజ్జిగ వచ్చింది. ఒకాయన సార్‌ని పక్కకు పిలిచి, చేతిమీద తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టుకున్నాడు. పశువుల సంతలో ధర తేల్చే పద్ధతి అది. సార్ దాన్ని ఊరి మర్యాద అనుకుని ఆ వేళ్లను గట్టిగా నొక్కారు. అదెంత ధరో ఆయనకు తెలీదు గానీ, అవతలి మనిషి మొహం వెలిగిపోయింది. "మాది గూడా చూడండి సార్" అంటూ తలా ఒక రాయి ఆయనకిచ్చారు. క్లాసులోకి వచ్చేసరికి సార్ రెండు జేబులూ మోకాళ్లదాకా వేలాడుతున్నాయి.

పదకొండింటికి ఏడో తరగతిలో ముప్పైరెండు మంది పిల్లలు, నూటయాభై మంది పెద్దలు ఉన్నారు. భువనకు గుండె ఉప్పొంగింది. ప్యానెల్ మీద రాయి గుమ్మడికాయంత కనిపించింది. జనం ఒక్కసారిగా నోళ్లు తెరిచారు. అప్పుడే బయట, హెడ్మాస్టరు చెప్పినట్టు ఇంకొంచెం లోతు తవ్విన గడ్డపార భూమిలోని కరెంటు వైరును తెంపింది. ప్యానెల్ నల్లబడింది.

శివశంకర్ సార్ తలెత్తి చూశారు, కాగితం మీద ఏదో రాశారు. భువనకు ఇంటికెళ్లి అమ్మకు ఏం చెప్పాలో కూడా తోచలేదు.

ముందు వరుసలోంచి లక్ష్మీప్రియ లేచింది. "మేడం, అది వజ్రమేనా?"

గంపలు, జల్లెళ్లు, సార్ జేబులు అన్నీ భువనకు అప్పుడు అర్థమయ్యాయి. కాదని చెప్తే ఒక్కరూ నమ్మరు, దాస్తోందంటారు.

"ఈసారి గూడా నేను చెప్పను," అంది. "మీరే చూడండి. ఎవరి దగ్గరన్నా నిజమైన వజ్రం ఉండాదా?"

లక్ష్మీప్రియ అవ్వ సుబ్బలక్ష్మమ్మ ముక్కుపుడక తీసింది. "మా యత్త పెట్టింది. జాగ్రత్త."

భువన రాయినీ పుడకనూ కుండ నీళ్లలో ముంచింది. పైట కొంగుతో తుడిచింది. రాయి మీద నోటి ఆవిరి వదిలితే మంచు పట్టినట్టు మసకబారి, అలాగే నిలిచింది. పుడక దగ్గరికొచ్చేసరికి గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు, అందరికంటే ఎక్కువగా సుబ్బలక్ష్మమ్మ. ఆవిరి పట్టీ పట్టగానే మాయమైంది.

"నేను జెప్పలా?" అని అవ్వ నిటారుగా కూర్చుంది.

"వజ్రం వేడిని క్షణంలో పంచేస్తాది. అందుకే దాని మీద ఆవిరి నిలబడదు. పలుగురాయికి ఆ గుణం లేదు," అంది భువన.

ఆ తర్వాత పిల్లలే పరీక్షకులు. పెద్దలు వరుసలో నిలబడి తమ రాళ్లు చూపించుకున్నారు. బొజ్జన్న పొగాకు తిత్తిలోంచి ముప్పై ఒక్క రాళ్లు తీశాడు. ముప్పై ఒక్కటీ మసకబారాయి. వాటిని ఒక్కొక్కటే మళ్లీ తిత్తిలో వేసుకున్నాడు.

"పోనీలే మేడం. ఇంగ నన్ను ఏ యాపారీ మోసం చేయలేడు," అన్నాడు. భువనకు కళ్లు చెమర్చాయి. టీచరంటే ఇదే అనిపించింది.

బయట హెడ్మాస్టరు గర్వంగా గుంతలు లెక్కపెట్టుకుంటున్నారు. పదకొండు తేలాయి.

శివశంకర్ సార్ మార్కుల కాగితం భువన చేతికిచ్చారు. టెక్నాలజీ వాడకం: ఐదు నిమిషాలు. మార్కులు: యాభైకి నలభై తొమ్మిది.

"ఆ ఒక్కటి ఎందుకు పోయింది సార్?"

"క్రమశిక్షణకమ్మా. విద్యార్థులు గడ్డపారలతో వచ్చినారు గదా."

తిరుగు బస్సులో భువన తన అనుభవాల పుస్తకం తెరిచింది. "ప్యానెల్ ఊరినంతా బడికి రప్పించింది. నోటి ఆవిరి పాఠం చెప్పింది. నాకు రెండూ కావాలి" అని రాసింది. సార్‌కి చదివి వినిపిద్దామని తలెత్తింది.

శివశంకర్ సార్ కిటికీ వైపు తిరిగి కూర్చుని, జేబులోంచి ఒక్కో రాయీ తీసి, సీసా నీళ్లతో తడిపి తుడిచి, కర్నూలు వచ్చేదాకా ఆవిరి పట్టి చూస్తూనే ఉన్నారు.