పసుపు పెట్టిన నోటీసు

ఆ ఉదయం భాస్కరరావు పథకం చాలా చిన్నది. అందరికంటే ముందు ఆఫీసుకు వెళ్లి, ఎవరి కంటా పడకుండా, కూతురు అలేఖ్య శుభలేఖలను అక్కడి లేజర్ ప్రింటరు మీద అచ్చు వేసుకోవడం. ఫోనులో పంపే శుభలేఖ ఆయన దృష్టిలో పిలుపు కాదు, సమాచారం. బయటి ప్రెస్సులవారికేమో కాగితపు గుణం తెలియదని ఆయనకు గట్టి నమ్మకం.

తళతళలాడే ఫోటో కాగితం ఇంక్‌జెట్ యంత్రాలకు ఉద్దేశించినది. లేజర్ ప్రింటరు వేడికి దాని పూత కరిగి రోలరుకు అతుక్కుంటుంది. బంగారు పొర ఉన్నదాన్నీ నమ్మడానికి లేదు. ఇవన్నీ చదివి, పూతా పొరా లేని దంతపు రంగు మందపాటి కాగితం తెచ్చాడు. చిక్కల్లా పసుపు దగ్గర వచ్చింది. అచ్చయ్యాక మూలలకు రాస్తే తడి పాకి అక్షరాలు పాడవుతాయని ఆయన భయం. అందుకని అచ్చుకు ముందే నాలుగు మూలలా రాయించి, ఫ్యాను కింద ఆరబెట్టించాడు.

"ఖాళీ కాగితానికి పసుపు రాసేవాళ్లు ఎక్కడైనా ఉన్నారా అండీ? చూసినవాళ్లేమనుకుంటారు?" అంది భార్య నాగమణి చేతులు కడుక్కుంటూ.

"చూసేదెవరే?" అన్నాడు భాస్కరరావు.

నగరంలోని పశువుల కొట్టాలను ఊరి బయటికి తరలించే కార్యాలయంలో ఆయన సూపరింటెండెంటు. కిషన్‌బాగ్ కొట్టాల విషయమై మర్నాడు అభ్యంతరాల సభ ఉంది. సభ నోటీసును ముందురోజు పొద్దుగూకాక, వెలిసిపోయిన అచ్చుతో పంచడం అక్కడి ఆనవాయితీ. అందువల్ల సభలన్నీ ఖాళీ కుర్చీల సమక్షంలో ప్రశాంతంగా ముగిసేవి. ఇదీ అలాగే ముగిస్తే, ఆయన ఏళ్లుగా కోరుతున్న ప్రధాన కార్యాలయ గ్రంథాలయానికి బదిలీ చేయిస్తానని అధికారి ఫణికుమార్ మాట ఇచ్చాడు. మనుషులు రాని ఆ గది భాస్కరరావుకు మోక్షంతో సమానం.

కాగితాలు ట్రేలో పేర్చి, యంత్రాన్ని మందపాటి కాగితానికి సరిచేశాడో లేదో, ఆ రోజు తానూ పెందలాడే వచ్చిన ఫణికుమార్ తన గదిలోకి పిలిచి రేపటి సభ గురించి సుదీర్ఘంగా మాట్లాడాడు. ఈలోగా టైపిస్టు స్రవ్య వచ్చి, తన కంప్యూటరు నుంచి సభ నోటీసులకు ఆజ్ఞ ఇచ్చింది. ట్రేలో ఉన్నది పెళ్లి కాగితమా, సర్కారు కాగితమా అన్న విచక్షణ ప్రింటరుకు లేదు. భాస్కరరావు తిరిగి వచ్చేసరికి ట్రే ఖాళీగా ఉంది. అటెండరు బాలరాజ్, ఇంత అందమైన కాగితాలను పొద్దుగూకేదాకా ఉంచడం మనసొప్పక, అప్పుడే పంచడానికి వెళ్లిపోయాడు.

"అందరికి చేతికిచ్చిన సార్. ఎన్నడు లేంది కూసోవెట్టి చాయ్ గిట్ల పోసిన్రు," అన్నాడు తిరిగి వచ్చాక. "పుష్పమ్మయితే కండ్లకద్దుకున్నది."

భాస్కరరావు ఖాళీ ట్రేను మరోసారి లాగి చూశాడు. విషయం చదివాక ఎవరూ రారులే అని తనకు తానే చెప్పుకుని, సంగతి ఫణికుమార్ చెవిన వేయకుండా ఊరుకున్నాడు.

మర్నాడు సభ జరిగే ఫంక్షన్ హాలు కిటకిటలాడింది. పట్టుచీరలు, పిల్లాజెల్లా, గుడిమల్కాపూర్ నుంచి తెచ్చిన పూలదండలు, క్యాన్ల నిండా పాలు. ఫణికుమార్ భాస్కరరావును పక్కకు లాగాడు.

"ఏవండీ, మీ అమ్మాయి పెళ్లి ఇక్కడే పెట్టేశారా?"

"కాదండి. వీళ్లు అభ్యంతరాలు చెప్పేవాళ్లండి."

కొట్టాలవారికి పెద్దదిక్కయిన పుష్పమ్మ ముందుకు వచ్చింది. నోటీసు చదివారా అని ఫణికుమార్ అనుమానంగా అడిగాడు.

"సదివించుకున్నం సారూ. మా బర్లను ఎల్లగొడ్తమని రాసిన్రు. మీరు ఎప్పుడు గట్లనే రాస్తరు. కని ఇన్నేండ్లల్ల పసుపు వెట్టి పిలిచింది గిప్పుడే. పిలిచినంక రాకుంటె మర్యాద గాదు." ఆయన ముఖం చూసి ధైర్యం చెప్పింది. "లొల్లి జేస్తమని ఫికర్ వెట్టుకోకున్రి. సుట్టాలోలె వచ్చినం. బువ్వలు ఏడ వెట్టిన్రు?"

బాలరాజ్ భోజనాల కోసం పరుగెత్తవలసి వచ్చింది. భోజనాలయ్యాక ఫణికుమార్ మెడలో దండ వేసి, తమ బర్లను ఏడికీ పంపరు కదా అని పుష్పమ్మ నవ్వుతూ అడిగింది. మెడలో దండ ఉండగా కాదనడం ఏ అధికారికైనా కష్టమే. పంపబోమని ఆయన అందరి ముందూ అనేశాడు. సరిగ్గా ఆ చప్పట్ల మధ్య, దారిన పోతూ జనాన్ని చూసి కారు ఆపిన పై అధికారి లోపలికి వచ్చాడు. ప్రభుత్వ సభకు ఇంతమంది రావడం, వచ్చినవాళ్లు నవ్వుతూ ఉండడం ఆయన తన సర్వీసులో ఎరుగడు.

నెల తిరగకుండా ప్రజల భాగస్వామ్యానికి గుర్తింపుగా ఫణికుమార్‌కు ప్రమోషన్ వచ్చింది; ఆయన ప్రధాన కార్యాలయానికి వెళ్లిపోయాడు. ఇకమీదట నోటీసులన్నీ అదే కాగితం మీద, అదే పద్ధతిలో వెలువడాలనీ, ఆ విద్య తెలిసినవాడు భాస్కరరావు ఒక్కడే కనుక పదవీ విరమణ దాకా ఆయనను కదిలించరాదనీ ఉత్తర్వు వచ్చింది.

గేదెలను తరలించడానికి పెట్టిన ఆ సభ వల్ల చోటు మారినవాడు ఫణికుమార్ ఒక్కడే.