హెల్మెట్ పెట్టుకున్న ఓనరు

వాషర్‌మెన్‌పేటలో జాకెట్లు కుట్టే నాగలింగానికి కంట్లో శుక్లం వచ్చింది. ఆపరేషన్ చేయించుకుని కొన్నాళ్లు విశ్రాంతిగా ఉండమని డాక్టరు చెప్పి చాలాకాలమైంది. పొద్దస్తమానం కత్తెర ఆడించే మనిషికి, తన కంటి మీద కత్తి అంటే మాత్రం భయం. ఆ మాట పైకి చెప్పలేక, తను లేకపోతే అంగడి మూతబడుతుందని వంక పెట్టేవాడు.

అదే అంగడిలో హుక్కులు కుట్టే ఆయన భార్య అలివేలు, ఒకరోజు ఫోన్‌లో ఎవరో వ్యాపార గురువు ప్రసంగం వినిపించింది. మనం లేకపోతే ఆగిపోయేది ఉద్యోగమట, మనం లేకున్నా నడిచేదే వ్యాపారమట.

"ఇన్నారా? మీరు ఓనరు కారంట. మీ కిందనే మీరు కూలికి ఉండారంట," అంది.

నాగలింగానికి రోషంతోబాటు ఉపాయం కూడా తన్నుకొచ్చింది. తను నాలుగు రోజులు ఇంట్లో కూర్చుంటే అంగడి అల్లకల్లోలమవుతుంది. పనివాడు ఆనందన్‌కి మిషన్ కుట్టడమే వచ్చు, బట్ట కత్తిరించడం రాదు. అందరూ వచ్చి బతిమాలుకుంటారు, ఇక ఆపరేషన్ ఊసెత్తేదెవరు? రేపట్నించి తను ఉత్త ఓనరేనని, పనిలోకి రానని ప్రకటించి, తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

మొదటిరోజు ఎవరూ రాలేదు. ఫోనూ మోగలేదు. అది చెడిపోయిందేమోనని ఎదురింటి కన్నియమ్మ చేత తనకే ఫోన్ చేయించుకున్నాడు. బ్రహ్మాండంగా మోగింది.

రెండోరోజు ఆగలేక, ఎవరూ గుర్తుపట్టకుండా హెల్మెట్ తగిలించుకుని నడుచుకుంటూ వెళ్లాడు. పాపం, బండి ఎక్కడ పోగొట్టుకున్నాడోనని జనం జాలిగా చూశారు.

అంగడి గుమ్మంలో పట్టుచీరతో కమలాంబ నిలబడి ఉంది. పాత గిరాకీ, కూతురి పెళ్లి జాకెట్లకు బట్ట ఇవ్వడానికే వచ్చి ఉంటుంది. నాగలింగం పక్కకు చేరి, గొంతు మార్చి, అసలు మనిషి లేనప్పుడు ఈడ బట్ట ఇస్తే గోవిందా అన్నాడు. నాగలింగం పనితనం మద్రాసులో ఇంకెవరికీ లేదన్నాడు. ఆమె ఉలకలేదు, పలకలేదు. నమ్మించడానికి చెయ్యి పట్టుకోబోతే, ఆ చెయ్యి కాస్తా ఊడి వచ్చింది.

అది జాకెట్లు తొడిగి చూపడానికి అంగడి లోపలుండే బొమ్మ. అలివేలు ఆ పొద్దునే చీర చుట్టి గుమ్మంలోకి మార్చింది.

అసలు కమలాంబ లోపల స్టూలు మీద కూర్చుని అంతా విని, కొంగు నోట్లో కుక్కుకుంటోంది. ఆమె తెచ్చిన పట్టుబట్టను బల్ల మీద పరిచి అలివేలు చకచకా కత్తిరిస్తోంది.

"నీకిదెప్పుడు వచ్చింది మే?" అన్నాడు హెల్మెట్‌లోంచి.

అలివేలు దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "మీ కన్ను మసకబారినప్పట్నించి. మీరు వంకరగా కత్తిరించిందంతా, మీరు భోజనానికి పోయినప్పుడు నేనే సరిచేస్తా ఉండా. చెబితే నొచ్చుకుంటారని చెప్పలే."

ఇన్నాళ్లూ ఒక్క గిరాకీ కూడా ఎందుకు గొడవపడలేదో నాగలింగానికి అప్పుడర్థమైంది. తన పేరు నిలబెట్టింది ఈమె. గుండె నిండిపోయి, ఈ మేలు ఎలా తీర్చుకోవాలో తెలియక తలవంచుకున్నాడు. ఆమే హెల్మెట్ తీసి ఆయన కళ్లు తుడిచింది.

"అయితే నేను లేకున్నా నడస్తాదన్నమాట," అన్నాడు చిన్నగా.

"అంగడి నడస్తాది. నాకు నడవదు. ఎల్లుండే ఆపరేషన్, డాక్టరుకి చెప్పేసినా."

"ఎప్పుడు చెప్పినావు?"

"మీరు ఓనరైన రోజే."

భయంగా ఉందని నాగలింగం మొదటిసారి నిజం ఒప్పుకున్నాడు. ఆ సంగతి తనకు ఎప్పుడో తెలుసని అలివేలు ఆయన చెయ్యి పట్టుకుంది.