అరవై దగ్గర టక్కుమనే రెంచి

ఆదివారం పొద్దున ఆరింటికల్లా హిందూపురం నుంచి బయలుదేరాలని వీరభద్రయ్య ఇంటిల్లిపాదికీ ముందురోజే ఉత్తర్వులు జారీ చేశాడు. ఇంటిల్లిపాదీ అంటే భార్య నాగలక్ష్మి ఒక్కతే. ధర్మవరంలో ఆమె తమ్ముడి పెళ్లి. ముహూర్తం పదిన్నరకు. హిందూపురం ఆచారి చేత చేయించిన మంగళసూత్రాలు ఆమె చేతిసంచిలోనే ఉన్నాయి.

వీరభద్రయ్య తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. ఇరవై ఏళ్లుగా తక్కెడలనూ రాళ్లనూ అనుమానించి అనుమానించి, చివరికి మనిషి చేతిని కూడా నమ్మడం మానేశాడు. పాత కారొకటి కొన్నాక ఆ అనుమానం మెకానిక్ ముత్యాలప్ప మీదికి మళ్లింది. కారుతో వచ్చిన పుస్తకంలో చక్రాల నట్లు అరవై అడుగు-పౌండ్ల దాకా బిగించాలని అచ్చువేసి ఉంది. ముత్యాలప్ప మాత్రం చేత్తో బిగించి "చాలు సార్" అనేవాడు.

"చాలు అంటే ఎంతప్పా?"

"చాలు అంటే చాలు సార్. చెయ్యి చెప్తాది."

ఆ చేతికి ముద్ర వేసిందెవరని వీరభద్రయ్య నెల రోజులు మథనపడ్డాడు. ఏడాదికి రెండుసార్లే వాడినా సరే, నమ్మకమైన టార్క్ రెంచి ఇంట్లో ఉండి తీరాలని తీర్మానించి బెంగళూరు పోయాడు. కావలసిన అంకె పెట్టి తిప్పితే, నట్టు అంతవరకు బిగియగానే అది టక్కుమంటుంది. అంగడాయన చిన్నదొకటి చూపించాడు. ఆటబొమ్మలా ఉందని దాన్ని పక్కకు నెట్టి, మూడడుగులది తీయించాడు.

"ఇది నూట నలభై కాడ మొదలైతాది సార్. పెద్ద బండ్లకు," అన్నాడు అంగడాయన.

"నూట నలభైలో అరవై లేదా ఏమి?" అన్నాడు వీరభద్రయ్య.

కొలతల ఇన్‌స్పెక్టరుతో కొలతల గురించి వాదించే అంగడాయన ఇంకా పుట్టలేదు. రెంచిని పెట్టెలో పెట్టి ఇచ్చేశాడు.

శనివారం సాయంత్రమే ముత్యాలప్ప నట్లన్నీ బిగించి పోయాడు. అయినా ఆదివారం ఆరు కావస్తుండగా వీరభద్రయ్య కొత్త పెట్టె తెరిచాడు. గీతలు నూట నలభై దగ్గర మొదలవుతున్నాయి కాబట్టి, పిడిని ఇంకా కిందికి, చివరంటా వదులు చేస్తే అరవై అవుతుందని సొంతంగా లెక్క తేల్చాడు. మొదటి నట్టు మీద బలమంతా పెట్టాడు. చప్పుడు లేదు. చెప్పులు విడిచి రెంచి మీదికెక్కి నిలబడ్డాడు.

టక్కుమంది.

"చూస్తివా, ఎంత లూజుగా పెట్టిపోయినాడో."

"చూస్తి. ఇంక పదండి," అంది నాగలక్ష్మి.

పదలేదు. తనిఖీ పద్ధతి ప్రకారం చక్రానికొక నట్టును నమూనాగా తీసుకున్నాడు. నాలుగు చక్రాలు, నాలుగు టక్కులు. టక్కుమన్నది రెంచి కాదు, నట్టు ఎక్కే బోల్టు తెగిన చప్పుడని ఆయనకు తెలియదు. చక్రాలకు మూతలు పెట్టి, తృప్తిగా బండి తీశాడు.

పెనుకొండ దగ్గరపడుతుండగా నాగలక్ష్మి చెవి రిక్కించింది. "ఏందో గలగలమంటాండాది."

"రోడ్డు బాగలేదు."

"రోడ్డు కింద ఉండాది. చప్పుడు ఎనక నుంచి వస్తాండాది."

దిగి వెనక చక్రం మూత తీస్తే, తెగిన ముక్కతో సహా నట్టు కిందపడింది. "ఇదీ ముత్యాలప్ప చెయ్యి," అని పళ్లు కొరుకుతూ, మిగిలిన మూడింటినైనా కాపాడుకుందామని వీరభద్రయ్య రెంచి తీశాడు. టక్. టక్. ఇంకోసారి టక్. దాంతో ఆ చక్రానికీ కారుకూ ఉన్న సంబంధం తెగిపోయింది.

వెనక నుంచి ధర్మవరం పోయే బస్సు వస్తోంది. నాగలక్ష్మి చేతిసంచి భుజాన వేసుకుని చెయ్యెత్తింది.

"మీరు కొలుచుకుంటా ఉండండి. తాళి కట్టల్సింది ఆడ," అని బస్సెక్కి పోయింది.

వీరభద్రయ్య పెనుకొండ దాకా నడిచి, ఎస్టీడీ బూతు నుంచి ముత్యాలప్ప షెడ్డుకు ఫోను చేసి, నోటికొచ్చినట్లు తిట్టాడు. ముత్యాలప్ప సంచి నిండా బోల్టులు వేసుకుని స్కూటరు మీద వచ్చాడు. తెగిన ముక్కను అరచేతిలో వేసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"నేను బిగిస్తే నట్టు బిగుస్తాది సార్. బోల్టు తెగల్లంటే పైన ఎవురన్నా ఎక్కి నిలబడల్ల."

వీరభద్రయ్య తన పాదాల వైపు చూసుకున్నాడు. అప్పటికే ముత్యాలప్ప చూపు రెంచి మీద పడింది.

"ఇది లారీలకు వాడేది కదా సార్. మీరు కందిబేడలు తీస్కపోయి లారీ కాటా మీద తూచినారు."

ఇన్‌స్పెక్టరుకు సరిగ్గా అర్థమయ్యే భాషలో చెప్పాడు. వీరభద్రయ్య గొంతు తగ్గించి, "తక్కిన మూడు చక్రాలకు కూడా ఒక్కొక్కటి చూసినాలేప్పా," అన్నాడు.

ముత్యాలప్ప చొక్కా విప్పి పనిలోకి దిగాడు.

వీరభద్రయ్య ధర్మవరం చేరేసరికి మూడు దాటింది. ముహూర్తానికి పది నిమిషాల ముందుగా తాళి అంది, పెళ్లి సలక్షణంగా జరిగిపోయి, పందిట్లో కుర్చీలు మడుస్తున్నారు. భోజనానికి ఆకు వేసుకునేవాళ్లు లేరు, వడ్డించేవాళ్లూ లేరు. "బావ యాడక్కా?" అని పొద్దుటి నుంచి అడిగిన వాళ్లందరికీ నాగలక్ష్మి ఒకే జవాబు చెప్పిందట: "డ్యూటీలో ఉండాడు."

మరుసటి వారం వీరభద్రయ్య ఆ రెంచిని పెట్టెతో సహా తీసుకుపోయి ముత్యాలప్ప షెడ్డులో పెట్టి తిరిగొచ్చాడు. నెల తిరక్కుండా పరిగి, గుడిబండల నుంచి లారీలు వరసకట్టాయి. 'ఇచ్చట లారీ చక్రములు కోలిచి భిగించబడును' అని ముత్యాలప్ప పెద్ద బోర్డు కట్టించాడు.

ఆ బోర్డులో రెండు తప్పులున్నాయని వీరభద్రయ్య కనబడిన వాళ్లందరికీ చెబుతుంటాడు.