సప్తసెట్టింగ్ దుర్గభంగము

సకల కంప్యూటర్ల ఫ్యానులు గుయ్యిమనుచుండ, టీకప్పుల అడుగున మీగడ పెచ్చుకట్టుచుండ, సాయం నాలుగున్నర గంటల శుభవేళ, మూడవ అంతస్తు కిటికీ పక్క రణరంగమున, పెళ్ళయి పందొమ్మిది దినములే అయిన కోడింగు కోమలి, కీబోర్డు ధనుర్ధారిణి, కుర్చీ ముందుకు లాగుకొనెను.

ఆమె శత్రువుకు ఏడు తలలు. క్లౌడు సర్వరును చేరగోరు ప్రతి అభాగ్యుడును ఆమె బృందము అల్లిన లైబ్రరీ అను రెడీమేడు కోడుమూటకు సర్వరు అడ్రసు, పోర్టు, ప్రాంతము, వెర్షను ఇత్యాది ఏడు సెట్టింగులు సమర్పించుకొనవలెను. ఏడవది మరీ ఘోరము: "అడ్రసు చివర ఏటవాలు గీత ఉన్నదా, లేదా?" ఆ గీత కడనే, రెండవ అంతస్తులో, ఆ లైబ్రరీనే వాడుకొను ఆమె నవవరుడు ఉదయము నుండి బందీయై యున్నాడు. ఐదింటికి కొత్త వెర్షను తలుపులు మూసుకొనును. ఆలోగా ఏడింటిని ఒక్కటి చేయ అనుమతి రాకున్న, మరి ఆరు మాసములు ఇదే చెర.

అనుమతి నొసగవలసినవాడు ఆ ఏడింటి కన్నతండ్రి, ఆఫీసంతయు 'ఆప్షన్ల అన్న' అని పిలుచు సీనియర్ మహారథి.

"ఓసి బాలికా!" అని ఆయన గర్జించెను. "ఒక్కొక్క సెట్టింగును నా నెత్తుటితో తడిపి పెంచితిని! కోరినచోట గీత గీసుకొను మానవుని హక్కును కాలరాచెదవా?"

"హక్కు సరే అన్నా, ఎవరైనా వాడారా?"

"నేను వాడతాగా!"

"అయితే ఇప్పుడే కనెక్ట్ చెయ్యండి. డాక్యుమెంట్ చూడకూడదు మరి."

మహారథి చొక్కా చేతులు మడిచెను. మొదటి బాణము విఫలము. రెండవది విఫలము. మూడవమారు తెరనిండ ఎర్రక్షరములు కురిసెను. ఏమనగా, అడ్రసులో 'తూర్పు' అనియు, ప్రాంతము గడిలో 'పడమర' అనియు తానే కొట్టి, ఆ వీరుడు పడమటి తాళపుచెవితో తూర్పు తలుపును బాదుచున్నాడు.

"ప్రాంతం ఒక్కటి చెబితే అడ్రసు లైబ్రరీయే కట్టుకోలేదా అన్నా?"

మహారథి మడిచిన చొక్కా చేతులు మెల్లగా దించెను. ఏసీ గుటక వేసెను.

"సరే, తీసెయ్ తల్లీ. సొంత సర్వరున్నవాళ్ళకి పూర్తి అడ్రసిచ్చే దారి ఒకటుంచు. ఈ పడమర సంగతి మాత్రం బయటికి పొక్కనీకు."

నాలుగూ యాభై ఎనిమిదికి ఆరు సెట్టింగులు నేలగూలెను. విజేత ఫోనెత్తెను.

"ఏవండీ, కొత్త వెర్షన్ వేసుకుని 'తూర్పు' అని ఒక్క మాట కొట్టండి, చాలు."

"కలిసిందోయ్! ఇంతేనా? మొదట్నుంచీ ఇలాగే పెట్టొచ్చుగా! అసలు పొద్దస్తమానం మీరంతా అక్కడ చేసేదేంటి?"

చేసిన పని కనబడకుండుటకు మించిన బిరుదు వేరొకటి లేదని ఎరిగిన ఆ వీరవనిత పకపక నవ్వెను. పూలవాన కురియలేదు, దుందుభులు మ్రోగలేదు. ఇట్లు భూమండలమున ఒకానొక మగడు ఆరు పంక్తులు తక్కువ టైపు చేసెను. జయము! జయము!