పాతిక దేశాల పౌరుడు

పాఠకులారా! దేశం విడిచి వెళ్ళడం కన్నా, ఏ దేశానికి వెళ్ళాలో పోల్చుకుంటూ ఇంట్లో కూర్చోవడమే గొప్ప అదృష్టమని ఈ వారం రుజువు చేయదలచుకున్నాను. వెళ్ళినవాడికి ఏం మిగులుతుంది? ఒక్క దేశం, ఒక్క వాతావరణం, ఒక్క రకం పన్ను. పోల్చుకునేవాడికో? పాతిక దేశాలూ అరచేతిలోనే!

నమ్మకం లేకపోతే మా అక్క సంసారం చూడండి.

మా బావగారు బీమా ఆఫీసులో పనిచేస్తారు. ఎవరికి ఏ ముప్పు వస్తుందో, రాకముందే ఊహించడం ఆయన ఉద్యోగం. ఆ నేర్పంతా ఇంటికి మోసుకొచ్చి, పెళ్ళాం బిడ్డలతో స్థిరపడటానికి ఏ దేశం మేలో కంప్యూటర్లో పట్టిక వేశారు. నివాస పర్మిట్‌కి ఇన్ని మార్కులు, వ్యాపారం పెట్టుకునే వీలుకి ఇన్ని, స్కూళ్ళకి ఇన్ని. ఏ వ్యాపారం అంటారా? ముందు దేశం తేలాలి కదండీ!

ఏదైనా దేశం గెలిచేలా కనిపించిందో, బావగారికి కంగారు మొదలవుతుంది. వెంటనే పట్టికలో కొత్త గడి గీస్తారు. "అక్కడ పావురాల బెడద ఎలా ఉంటుందో చూడలేదే!" అంటారు. అంతే, గెలవబోయే దేశం మళ్ళీ వెనకబడుతుంది. ఇంత నిష్పాక్షికత ఏ క్రికెట్ అంపైర్‌కైనా ఉందా?

ఇంటికి కలిగిన లాభాలు ఇన్నీ అన్నీ కావు. గోడకి మేకు కొట్టరు, వెళ్ళిపోయేవాళ్ళకి మేకెందుకు? స్వెటర్ కొనరు, గొడుగూ కొనరు. ఎండ దేశమో మంచు దేశమో తేలలేదు! పాప సైకిల్ అడిగితే, "అక్కడ రోడ్డుకి ఏ పక్కన నడుపుతారో తెలియకుండా ఇప్పుడే నేర్పితే అలవాటు పాడైపోతుందమ్మా" అన్నారు. పాపకి పదేళ్ళొచ్చాయి. ఇంకా నడుస్తూనే ఉంది.

మా అక్క పాత బట్టలు సరిచేసి ఇస్తుంది. కుట్టుమిషన్ వంటింట్లో, పొయ్యి పక్కన. ఒక బ్యాంకు ఉద్యోగి ప్యాంటు పట్టుకుని తిరిగొచ్చాడు. "కుట్టు బ్రహ్మాండంగా ఉందమ్మా. కానీ ఆఫీసులో నా పక్కన ఎవరూ కూర్చోవట్లేదు. ఒకటే ఉల్లిపాయల వాసన!"

రెండు వీధుల అవతల ఒక చిన్న కొట్టు ఖాళీ అయింది. పైన ఉండటానికి గదులు. చూసొచ్చిన రోజు అక్కకి ఆ కొట్టు మీదే ధ్యాస. మిషన్ కిటికీ దగ్గర వేసుకోవచ్చు, మధ్యాహ్నం దాకా వెలుతురు.

"ఏమండీ, ఆ కొట్టు తీసుకుందామా?"

"వెళ్ళిపోయేవాళ్ళకి కొట్టెందుకే? నాలుగు రోజులు ఓపిక పట్టు."

ఆ 'నాలుగు రోజులు' ఆయన మొదటిసారి చెప్పి అప్పటికే తొమ్మిదేళ్ళయింది. కొట్టు చూడటానికి ఇంకెవరో వస్తున్నారని తెలిసి అక్క మళ్ళీ అడిగింది. బావగారు తల తిప్పకుండా చెయ్యెత్తారు. "ఇప్పుడు కదిలించకు! రెండు దేశాలు సరిసమానంగా వచ్చాయి!"

ఆ పూట అక్క వంటింట్లో కూర్చుని ఏడ్చింది. వేరే దేశం వెళ్ళలేదని కాదు, ఉన్న ఊళ్ళో ఒక్క రోజైనా ఉన్నట్టు లేదని.

మర్నాడు బావగారు ఆఫీసుకు వెళ్ళాక తోపుడుబండి వచ్చింది. దాని మీదికి మిషన్, రెండు పెట్టెలు, వంట సామాను ఎక్కాయి. పాప వెనక నుంచి తోసింది. సాయంత్రానికి కొట్టుకి బోర్డు కూడా వేలాడింది.

గమనించారా? నివాసం, వ్యాపారం, కుటుంబం తరలింపు. పట్టిక లేకుండా మూడూ ఒక్క పూటలో అయిపోయాయి! ఇలాంటి తొందరపాటును నేను ఒక కాలమిస్టుగా తీవ్రంగా ఖండిస్తున్నాను.

చీకటి పడుతుండగా బావగారు వెతుక్కుంటూ వచ్చి గుమ్మం బయట ఆగిపోయారు. అక్క కుట్టు ఆపలేదు.

"ఏ పని మీద వచ్చారు?"

"నేనేనే..."

"ఎన్నాళ్ళుంటారు?"

పాతిక దేశాల అధికారులు అడగబోయే ప్రశ్నలన్నిటికీ అద్దం ముందు జవాబులు వల్లెవేసిన మనిషి! అయినా చెప్పులు విప్పి, మళ్ళీ తొడుక్కున్నారు.

"ఉండిపోదామని," అన్నారు చివరికి.

"ఏం పని వచ్చు?"

బావగారు అక్క ముందున్న గుండీల డబ్బా వైపు చూశారు. "గుండీలు కుడతాను. నేర్పితే."

పాపకి జాలేసింది. "నాన్నకి స్టూలు వెయ్యనా అమ్మా?"

"వెయ్యి. కూర్చోమను. తొందరేముంది? అన్నీ పోల్చి చూసుకుని చెప్తాం."

ఇది జరిగి నెల దాటింది. బావగారు ఆఫీసు నుంచి నేరుగా కొట్టుకే వచ్చి గుండీలు కుడుతున్నారు, బాగానే కుడుతున్నారట. అక్క మాత్రం ఆయనకి నివాస పర్మిట్ ఏ వారానికావారమే పొడిగిస్తోంది.