వాడుకలో ఉన్న చెవి

కోరాడ సన్యాసమ్మను మండలాఫీసులో తీగకు తగిలించి చూస్తే, ఆమెకు మూడు చెవులున్నట్టు తెరమీద వచ్చింది. ఆపరేటరు ఇందుమతి తల కూడా ఎత్తలేదు. వారానికి ఇద్దరు ముగ్గురు ఇలాంటివాళ్ళు తగులుతూనే ఉంటారు. మొన్ననే ఒకాయన వెన్నెముక లేకుండా వచ్చి, అది తన పెద్దన్నగారి దగ్గర ఉందని కాగితం రాసిచ్చి వెళ్ళాడు.

మూడేళ్ళ కిందట నిబంధన వచ్చినప్పట్నుంచి మండలంలో ప్రతి మనిషినీ ఇలాగే చూస్తున్నారు. మెడ వెనక సన్నటి కన్నంలో తీగ పెడతారు. తెర నల్లగా ఉంటుంది. బొమ్మలుండవు, నొక్కడానికి గుర్తులుండవు, ఉన్నదల్లా తెల్లటి అక్షరాలే. ‘భాగాలు చూపు’ అని ఒక్క వరుస కొడితే గుండె మొదలు గోళ్ళ దాకా జాబితా జలజలా దిగిపోతుంది. ఏ భాగం ఎవరిదో, ఎవరు వాడుతున్నారో కూడా తెలియాలంటే మాత్రం ఆ వరుసకు ముందు ‘తహసీల్దారుగారి హోదాలో’ అని చేర్చి, ఆయన రహస్యపదం కొట్టాలి. ఆ రహస్యపదం రాసిన చీటీ బల్లమీద గాజుపలక కింద, అందరికీ కనబడేలా ఉంటుంది.

ఇందుమతి చీటీ చూసి కొట్టింది.

‘మూడో చెవి, ఎడమది. సొంతదారు: కోరాడ అప్పలసూరి. ఉన్నచోటు: కోరాడ సన్యాసమ్మ. స్థితి: పనిచేస్తోంది.’

“మీ ఆయన చెవి మీలో ఉందమ్మా,” అంది.

“ఉండదేటి తల్లీ? ఇరవై రెండేళ్ళ బట్టీ ఆయనకి నానే గదా ఇంటున్నాను,” అంది సన్యాసమ్మ.

పక్క బల్ల మీద కూర్చున్న అప్పలసూరి గోనెల మిల్లులో మగ్గం మనిషి. ఆ మగ్గాల మోతలో దేవుడు పిలిచినా వినబడదు కనక మిల్లువాళ్ళు వేళ్ళతో మాట్లాడుకుంటారు. పెళ్ళైన కొత్తలో సరదాకి ఆ వేళ్ళ భాష పెళ్ళానికి నేర్పాడు. తర్వాత చెవులు పూర్తిగా పోయినప్పుడు ఆ సరదాయే బతుకుతెరువైంది. లోకం ఏమన్నా సన్యాసమ్మ విని, ఆ వేళ్ళ భాషలో అతని అరచేతిలో వేసేది. అతన్ని కూడా తీగకు తగిలించి చూశారు. ఒక్కటే చెవి, అదీ పలకదు. మోకాళ్ళు మాత్రం మూడున్నాయి. మూడోది సన్యాసమ్మది. ఆమెకు కాలు పట్టేసిన ఏడాది నుంచి బోరింగు నీళ్ళు మోస్తున్నది అతనే.

నిబంధన ప్రకారం ఒకరి భాగం మరొకరిలో ఉండరాదు. శుక్రవారం లోపు ఎవరివి వాళ్ళకు చేరకపోతే ఇద్దరి కార్డులూ ఆగిపోతాయి. కార్డు ఆగితే బియ్యం ఆగుతాయి, ఆస్పత్రిలో మందులు ఆగుతాయి, కొన్నాళ్ళకు మనిషే ఆగిపోతాడు. కిందటేడు కార్డు ఆగినవాడొకడు వీధిలో తిరుగుతుంటే కుక్కలు కూడా మొరగడం మానేశాయి.

ఇందుమతి ‘మూడో చెవిని వేరు చెయ్యి’ అని కొట్టింది.

‘పరికరం వాడుకలో ఉంది. వేరు చేయడం కుదరదు.’

తహసీల్దారుగారి హోదాలో కొట్టింది. అదే జవాబు. మోకాలికీ అదే జవాబు.

“మరేటి దారి?”

“మూడ్రోజులు వాడకుండా ఉంచండమ్మా. ఆయనతో మాటాడకండి. చేతిలో చెయ్యి అసలే వెయ్యకండి. ఆయన చేత నీళ్ళూ మోయించకండి. ఖాళీగా ఉందని తెలిస్తే అదే ఊడొచ్చేస్తుంది.”

సన్యాసమ్మ ఆ సంగతి మొగుడి చేతిలో వేసింది. “మూడ్రోజులేనా? మిల్లు మూసీసినప్పుడు మూడు నెల్లు నోరు కట్టుకు కూకున్నాం!” అన్నాడు అప్పలసూరి. చెవుల్లేనివాడి గొంతు కదా, ఆఫీసంతా వెనక్కి తిరిగి చూసింది.

మొదటి రోజు బాగానే గడిచింది. చేపలామె కేక వినబడినప్పుడు సన్యాసమ్మ చెయ్యి దానంతటదే లేచింది. రెండో చేత్తో పట్టి దించుకుంది. రెండో రోజు పొద్దెక్కేసరికి విన్న మాటలన్నీ పోయే తోవ లేక లోపల ఉబ్బరించడం మొదలెట్టాయి. ఎదురింటి తగువు, బస్సు హారను, మైకులో చెప్పిన నీళ్ళ కబురు. అరుగు మీద అప్పలసూరి మధ్యాహ్నం కునుకు తీస్తున్నాడు. నిద్రలో కూడా అరచెయ్యి పైకే తెరిచి ఉంది. సన్యాసమ్మ గుమ్మంలో నిలబడి ఆ చెయ్యినే చూస్తూ ఉండిపోయింది. ఖాళీ కంచం ముందు పిల్లాణ్ణి కూర్చోబెట్టినట్టనిపించింది ఆమెకి.

మూడో రోజు ఉదయం గడిస్తే గండం గట్టెక్కేదే. పక్కింట్లో కుక్కరు కూసింది. అందులో చెప్పుకోదగ్గ ముక్కేమీ లేదు. అయినా సన్యాసమ్మ వెళ్ళి అతని పక్కన కూలబడి, చెయ్యి లాక్కుని చెప్పేసింది.

“కుక్కరా? ఎన్నో కూత?” అన్నాడు.

మూడు వేళ్ళు నొక్కింది.

“అయితే ఇంకా ఉడకనేదు,” అని పక్కింటివాళ్ళ పప్పు గురించి నిమ్మళంగా తేల్చి, ఆమె చెయ్యి వదలకుండా అలాగే కూచున్నాడు. మూడు రోజుల దీక్ష పాడైందని ఇద్దరికీ తెలుసు. ఏ ఒక్కరూ నొచ్చుకోలేదు.

శుక్రవారం తెర మీద ఇలా వచ్చింది: ‘పరికరం వాడుకలో ఉంది. చివరి వాడకం: నిన్న ఉదయం. విన్నది: కుక్కరు.’

“ఇంక కలిపెయ్యడమే,” అంది ఇందుమతి. “ఇద్దర్నీ ఒకే యంత్రంగా రాస్తాం. ఒకరు యంత్రం, రెండోవారు అనుబంధ పరికరం. పరికరానికి కార్డుండదు, సంతకం ఉండదు. ఏదడిగినా యంత్రాన్నే అడుగుతాం. అంతే, ఇబ్బందేం లేదు.” అంటూనే యంత్రం అన్నచోట అప్పలసూరి పేరు కొట్టసాగింది.

సన్యాసమ్మ ఒక్క ముక్క పోకుండా అంతా అతని చేతిలో వేసింది.

“ఆగు తల్లీ!” అని అరిచాడు అప్పలసూరి. “ఇనీది ఆవిడ. మీరు అడిగితే నాకేటి ఇనబడతాది? ఆవిణ్ణి యంత్రం రాయి. పరికరం నాను.”

ఇందుమతి వేళ్ళు ఆగాయి. పేరు చెరిపి, ‘అనుబంధ పరికరం: కోరాడ అప్పలసూరి’ అని కొట్టింది. పక్కనే ‘స్త్రీ’ అని దానంతటదే పడింది. చెరిపితే మళ్ళీ పడింది. ఇంతకు ముందు ఎలా రాశారో చూద్దామని పాత పరికరాల జాబితా పిలిచింది. నాలుగు వందల పన్నెండు పేర్లు నింపాదిగా దిగాయి. అన్నీ ఆడపేర్లే. చివరి నుంచి తొమ్మిదోది ‘బెవర ఇందుమతి’. ఎవరి భాగం ఎవరిలో ఉండిపోయిందో ఆ వరుసలో రాయలేదు. చదవడానికి పట్టేంతసేపే దాన్ని చూసి, ఇందుమతి జాబితా మూసేసింది.

“స్త్రీ అనే పడుతోందమ్మా. ఆయనకేమన్నా అభ్యంతరమా?”

సన్యాసమ్మ అతని చేతిలో అడిగింది. “పడనీ,” అన్నాడు అప్పలసూరి. “రాసినంత మాత్రాన మీసం రాలిపోద్దా?”

కొత్త కార్డు ఒక్కటే వచ్చింది. అటెండరు దాన్ని సన్యాసమ్మకు అందిస్తూ, “ఇంకోసారి వచ్చినప్పుడు పరికరాన్ని బయట చెప్పుల కాడ ఉంచి రండమ్మా, లోపల ఇరుకు,” అన్నాడు. మాట మర్యాదగానే ఉంది.

“ఏటన్నాడే?” అంటూ అప్పలసూరి చెయ్యి చాపాడు.

ఇన్నేళ్ళుగా ఏ ఆఫీసుకెళ్ళినా గుమాస్తాలు ఆమెను చూసి, “ఈవిడెందుకొచ్చింది?” అని అతన్ని అడిగేవాళ్ళు. అతనికి వినబడదు కనక తన గురించిన ఆ ప్రశ్నను కూడా సన్యాసమ్మే అతని చేతిలో వేసేది. ఒక్కసారీ అక్షరం మింగలేదు. ఇవాళ మొదటిసారి మింగింది. మిల్లు భాషలో ‘షిఫ్టు అయిపోయింది, ఇంటికెళ్ళు’ అనడానికి మణికట్టు మీద రెండుసార్లు తడతారు. తట్టింది.

“మంచోడే,” అన్నాడు అప్పలసూరి. ఆమె నడిచింది. అతను ఆమెకు ఒక అడుగు వెనగ్గా నడిచాడు.